ఎక్కువమంది సుఖమే నీతి అవుతుందా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వార్షిక సభ అంటే జమాఖర్చులు చదవడం, పిల్లలకు బహుమతులు పంచడం, ఆ తర్వాత భోజనాలు. మధ్యలో ఈ తత్త్వశాస్త్రం గొడవేమిటని మీకు తోచవచ్చు. వంటశాల వైపు నుంచి వాసన కూడా వస్తున్నది గనుక మీ ఓపికను ఎక్కువ పరీక్షించం. అయితే ఈ విషయాన్ని మేము పుస్తకాల బీరువాలో వెతికి తెచ్చుకోలేదు. మన జమాఖర్చుల పుస్తకంలోంచే వచ్చింది. ముందు ఆ సంగతి మనవి చేసుకుంటాం.

మన సంఘం నెలనెలా కొందరు వృద్ధులకు చిన్న సహాయం ఇస్తుందని మీ అందరికీ తెలుసు. ఫీజులు కట్టలేని విద్యార్థులకూ ఇస్తుంది. ఒక ఏడు వసూళ్ళు తగ్గాయి, దరఖాస్తులు పెరిగాయి. కార్యవర్గం కూర్చున్నది. మాలో లెక్కలు బాగా తెలిసిన ఒక పెద్దమనిషి కాగితం తీసుకుని, గీత గీసి, రెండు వరుసలు వేశారు. ఒక వరుసలో వృద్ధులకిచ్చే సొమ్ము, రెండో వరుసలో అదే సొమ్ముతో ఎంతమంది పిల్లలకు ఫీజు కట్టవచ్చో ఆ వివరం. "ముగ్గురు ముసలివాళ్ళకు ఏడాదికి ఇచ్చేదానితో ఇద్దరు పిల్లలు పాలిటెక్నిక్ చదువుతారు. ఆ ఇద్దరి వెనక రెండు కుటుంబాలు నిలబడతాయి. రేపు వాళ్ళే సంఘానికి చందా ఇస్తారు. పదిమందికి మేలు జరిగేది ఎటు?" అన్నారు. ఆయనకు స్వార్థం లేదు. ఆ పిల్లలు ఆయనకు చుట్టాలూ కారు. మేమందరం తల ఊపాం. మూడు పేర్లు కొట్టేశాం.

కొట్టేసిన పేర్లలో ఒకరు మన మొహల్లాలో నలభై ఏళ్ళుగా చనిపోయిన ఆడవాళ్ళకు గుసుల్ ఇప్పించిన మనిషి. ఏ ఇంట్లో తల్లి పోయినా, అర్ధరాత్రి అయినా, వాన కురుస్తున్నా, కబురు ఆమెకే వెళ్ళేది. ఆమె అడిగి పుచ్చుకున్నది లేదు. పేరు చెప్పం. చెప్పకపోయినా ఇక్కడున్న వాళ్ళలో చాలామందికి తెలుస్తుంది. ఎందుకంటే మీ అమ్మకో, మీ నానమ్మకో చివరి స్నానం చేయించిన చేతులవి.

మామూలుగా వచ్చే రోజున ఆమె ఆఫీసుకు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. మా కుర్రవాడు తటపటాయిస్తూ, "నానీమా, ఈ ఏడు నుంచి ఆ డబ్బు పిల్లల చదువులకు పోతుందట" అని చెప్పాడు. ఆమె కాసేపు ఊరుకుని, "పిల్లలకిచ్చారా బేటా? మంచిదే" అని లేచి వెళ్ళిపోయారు. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. మా కాగితం మీద లెక్క సరిగ్గా సరిపోయింది. లాభం వరుసలో రెండు చదువులు. నష్టం వరుసలో ఒక్క కన్నీటి బొట్టు కూడా లేదు.

మరి మా మనసుల్లో ముల్లు ఎందుకు గుచ్చుకున్నది? ఆ ముల్లు పేరేమిటి? అది కేవలం మెతకదనమా, లేక లెక్కలోనే ఏదో తప్పుందా? ఈనాటి మా ప్రసంగమంతా ఈ ప్రశ్నే.

ఆ పెద్దమనిషి వేసిన లెక్క ఆయన సొంతం కాదు. దానికి రెండు వందల ఏళ్ళు దాటిన చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో జెరెమీ బెంథాం అనే న్యాయశాస్త్రవేత్త 1789లో ఒక పుస్తకం ప్రచురించాడు. మనిషిని నడిపించేవి రెండే, సుఖం, దుఃఖం. ఏ పని వల్ల ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలుగుతుందో ఆ పని మంచిది, ఎక్కువ దుఃఖం కలిగించేది చెడ్డది అన్నది దాని సారాంశం. సుఖాన్ని కొలవడానికి ఏడు కొలతలు కూడా చెప్పాడు: అది ఎంత గాఢమైనది, ఎంతకాలం నిలుస్తుంది, ఎంత ఖాయం, ఎంత దగ్గరలో ఉంది, మరి కొన్ని సుఖాలకు దారి తీస్తుందా, దుఃఖం కలవకుండా ఉంటుందా, ఎంతమందికి అందుతుంది. దీనిని మన తెలుగు పుస్తకాల్లో ఉపయోగితావాదం అన్నారు, ప్రయోజనవాదం అని కూడా అన్నారు.

ఈ వాదాన్ని కొట్టిపారేసే ముందు దాని మంచి చెప్పకపోతే అన్యాయం. ఆ రోజుల్లో ఇంగ్లండులో చిన్న దొంగతనానికి కూడా ఉరి వేసేవారు. "ఈ శిక్ష వల్ల ఎవరికి ఏం మేలు?" అని అడిగినవాడు బెంథాం. రాజు సుఖం ఒకటిగానే లెక్క, కూలివాడి సుఖమూ ఒకటిగానే లెక్క అన్నాడు. నోరులేని జంతువు కూడా బాధపడుతుంది గదా, దాన్ని ఎందుకు లెక్కించరు అన్నాడు. ఆయన శిష్యుని కొడుకు జాన్ స్టూవర్ట్ మిల్ 1866లో ఆడవాళ్ళకు ఓటు హక్కు కోరే అర్జీని పార్లమెంటు ముందు పెట్టాడు. కనుక వీళ్ళు రాతిగుండెవాళ్ళు కారు. పుట్టుకను బట్టి, హోదాను బట్టి నడిచే ప్రపంచంలో "అందరినీ సమానంగా లెక్కపెట్టండి" అనడం చిన్న మాట కాదు. మన సంఘం కూడా దరఖాస్తు చూసేటప్పుడు ఏ వీధివాడు, ఎవరి చుట్టం అని చూడకూడదనే నియమం పెట్టుకున్నది. ఆ నియమంలో బెంథాం నీడ కొంత ఉన్నది.

అయితే ప్రతి మనిషినీ ఒకటిగా లెక్కపెట్టడం వేరు, ఆ ఒకట్లన్నింటినీ కూడి ఆ మొత్తం ముందు ఏ ఒక్కటినైనా కొట్టివేయవచ్చు అనడం వేరు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. దీనికి ఉదాహరణ కోసం లండను దాకా పోనవసరం లేదు. కృష్ణ ఒడ్డుకు పోతే చాలు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పండిట్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ కింద సుమారు 11 లక్షల ఎకరాల ఆయకట్టు. జొన్నకూటి సీమ అని శ్రీనాథుడి కాలం నుంచీ పేరుపడ్డ మన పల్నాడులో వరి మడులు కనిపించాయంటే ఆ నీళ్ళ వల్లనే. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఆ నీటి తిండి తినని ఇల్లు లేదు. అందుచేత డ్యాం కట్టకుండా ఉండవలసింది అని మేము అనడం లేదు. అనే హక్కూ మాకు లేదు.

కానీ ఆ నీళ్ళ కింద ఊళ్ళు ఉన్నాయి. ఇళ్ళు, పొలాలు, దేవుళ్ళ గుళ్ళు, తాతముత్తాతల సమాధులు మునిగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కూడా అక్కడిదే. అది మునగబోతున్నదని 1954 నుంచి 1960 దాకా పురావస్తుశాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నిటిని కొండ మీదికీ, కొన్నిటిని అనుపుకూ తరలించి మళ్ళీ నిలబెట్టారు. ఎంతో గొప్ప పని అది. చూసి రండి. చూసేటప్పుడు ఒక ప్రశ్న కూడా వేసుకోండి: రాళ్ళను ఎక్కడినుంచి తెచ్చామో అలాగే పేర్చి నిలబెట్టాం, మనుషులను అలాగే పేర్చి నిలబెట్టగలమా? ఒక వీధిలో పక్కపక్కన బతికినవాళ్ళు నాలుగు ఊళ్ళకు చెదిరిపోతే, ఆ వీధిని ఏ కొండ మీద తిరిగి కడతాం?

సాగర్ విషయంలో పల్నాడు లాభపడిన పక్షాన ఉన్నది. లాభపడినవాడికి లెక్క ఎప్పుడూ సరిగానే కనిపిస్తుంది. అందుకే పులిచింతల గూడా తలుచుకుందాం. డాక్టర్ కె.ఎల్. రావు గారి పేరు పెట్టిన ఆ ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభమైంది. నీళ్ళు దిగువన కృష్ణా డెల్టాకు. మునక ఎగువన, మన వైపు కొన్ని ఊళ్ళూ, అవతలి ఒడ్డున నల్గొండ వైపు మరికొన్ని ఊళ్ళూ. గోల్కొండ నవాబుల కాలంలో వజ్రాల గనులకు ప్రపంచమంతా పేరు మోసిన కొల్లూరు కూడా మునిగింది. డెల్టాలో సకాలంలో నారు పడినవాడి సంతోషం నిజమే. కొల్లూరు వదిలి వచ్చినవాడి దిగులూ నిజమే. కానీ ఆ సంతోషం వేరొకరిది, ఈ దిగులు వేరొకరిది. రెండింటినీ కలిపి తీసివేత చేస్తే వచ్చే "మిగులు" ఎవరి గుండెలో ఉంటుంది? ఎవరి గుండెలోనూ ఉండదు. అది కాగితం మీద మాత్రమే ఉంటుంది.

ఈ సంగతినే 1971లో అమెరికాలో జాన్ రాల్స్ అనే తత్త్వవేత్త పెద్ద గ్రంథంగా రాశారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది. జ్వరం వచ్చినవాడు చేదు మందు తాగుతాడు. ఇప్పటి చేదు ఎక్కువా, రేపటి ఆరోగ్యం ఎక్కువా అని లెక్క చూసుకుంటాడు. ఆ లెక్క న్యాయమే, ఎందుకంటే చేదు తాగిన నోరూ, జ్వరం తగ్గిన ఒళ్ళూ ఒక్కరివే. అదే లెక్కను సంఘం మొత్తానికి వర్తింపజేస్తే, మందు ఒకడు తాగుతాడు, జ్వరం ఇంకొకడికి తగ్గుతుంది. ఉపయోగితావాదం సమాజాన్ని ఒక పెద్ద శరీరంగా భావించి, మనుషుల మధ్య ఉన్న ఎడాన్ని మరచిపోతుంది అన్నది రాల్స్ విమర్శ. మునిగినవాడికి పరిహారం ఇవ్వడం మన దయ అనుకుంటాం. రాల్స్ దారిలో ఆలోచిస్తే అది దయ కాదు, బాకీ.

గాంధీజీ కూడా ఇదే చోట ఆగారు. ఎక్కువమంది మేలు అనే సూత్రం ప్రకారం నూటికి యాభైయొక్కమంది కోసం మిగతా నలభైతొమ్మిదిమందిని బలిపెట్టవచ్చుననే అర్థం వస్తుందని, అందరి మేలే అసలైన లక్ష్యమని ఆయన వాదించారు. 1908లో రస్కిన్ పుస్తకాన్ని గుజరాతీలో తన మాటల్లో రాసినప్పుడు దానికి ఆయన పెట్టిన పేరు "సర్వోదయం". ఆ పేరులోనే వాదమంతా ఉన్నది.

వీళ్ళందరికంటే ముందు, తొమ్మిది వందల ఏళ్ళ నాడు, ఇమాం గజాలీ ఈ ప్రశ్న ఎదుర్కొన్నారు. 1111లో కన్నుమూసిన ఆయన, అంతకు కొద్ది ముందు రాసిన "అల్ ముస్తస్ఫా" అనే న్యాయసిద్ధాంత గ్రంథంలో ఒక ఓడ సంగతి చర్చిస్తారు. ఓడ మునుగుతున్నది. ఒకరిని సముద్రంలోకి తోసేస్తే మిగతావాళ్ళు బతుకుతారు. లేకపోతే అందరూ పోతారు. తోయవచ్చునా? తోయరాదు అన్నారు గజాలీ. చీట్లు వేసి ఒకరిని ఎంచుకుంటే? అదీ చెల్లదు అన్నారు. ప్రజల మేలు అనే మాటను ఆయన తోసిపుచ్చలేదు. ప్రాణం, మతం, బుద్ధి, వంశం, ఆస్తి, ఈ అయిదింటినీ కాపాడడమే మేలు అని ఆయనే నిర్వచించారు. యుద్ధంలో సమాజం మొత్తానికి నాశనం ఖాయమైనప్పుడు వేరే తీర్పు ఉండవచ్చునని కూడా అంగీకరించారు. కానీ ఒక గుంపు బతకడానికి ఏ పాపమూ ఎరుగని ఒక మనిషిని సామగ్రి మాదిరి ఓడలోంచి పారేయడానికి, గుంపులో ఉన్న అంకె చాలదన్నారు. మేలును లెక్కపెడుతూనే, లెక్క ఎక్కడ ఆగాలో గీత గీసిన మనిషి ఆయన.

ఆ గీత లేకపోతే ఏమవుతుందో మన సీమ చరిత్రే చెబుతుంది. బెంథాం 1832 జూన్‌లో లండనులో చనిపోయాడు. ఆ ఏడే మన పంచాంగంలో నందన నామ సంవత్సరం. ఆ ఏడాది మొదలైన కరువును మన పెద్దలు నందన కరువు అన్నారు, డొక్కల కరువు అన్నారు. గుంటూరు సీమలో సుమారు అయిదు లక్షల జనం ఉంటే లక్షన్నర నుంచి రెండు లక్షలమంది దాకా ఆకలికీ రోగాలకూ పోయారని అంచనా. ధాన్యం వ్యాపారంలో సర్కారు చేయి పెట్టరాదు, ధరలు వాటంతటవే సర్దుకుంటాయి, చివరికి అందరికీ అదే మేలు అన్నది ఆనాటి పాలకుల అర్థశాస్త్రం. చివరికి మేలు పొందడానికి మనిషి చివరిదాకా బతికి ఉండాలి గదా!

1876 నుంచి 1878 దాకా మళ్ళీ పెద్ద కరువు. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1874లో బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. ఖర్చు ఎక్కువ చేశావని పైవాళ్ళు మందలించారు. 1877లో అదే మనిషిని చెన్నపట్నం రాజధానికి పంపితే, కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొద్ది డబ్బు చాలునన్నాడు. ఆ తిండితో మనిషి పని చేయలేడని డాక్టర్ కార్నిష్ అనే ఆరోగ్యాధికారి గట్టిగా ఎదిరించాడు. ఒకాయన ఖజానా లెక్క వేశాడు, ఇంకొకాయన ఎదుట నిలబడ్డ మనిషి డొక్కలు చూశాడు. ఇవన్నీ బెంథాం చెప్పిన పనులని మేము నింద వేయడం లేదు. మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో ఉద్యోగం చేసినంత మాత్రాన గుంటూరు కరువు ఆయన తలకు చుట్టడమూ న్యాయం కాదు. బెంథాం మాటల్ని సరిగ్గా చదివితే ఆకలితో చచ్చేవాడి బాధే లెక్కలో అన్నిటికంటే బరువైనది. మేమనేది ఇంతే: "మొత్తం మేలు" అనే మాట అధికారి చేతికి వచ్చేసరికి, లెక్కలోకి తీసుకోవడానికి తేలికైనవే లెక్కకు వస్తాయి. రూపాయలు వస్తాయి. డొక్కలు రావు.

ఇక రెండో చిక్కు, సుఖాన్ని కొలవడం. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర వేడిలో, దుమ్ములో పనిచేసే కూలీని "ఎట్లా ఉన్నావు?" అని అడగండి. "బాగానే ఉన్నామండీ" అంటాడు. అబద్ధం కాదు. అలవాటైన బతుకులో చిన్న చిన్న సంతోషాలు వెతుక్కోవడం మనిషి స్వభావం. ఏళ్ళ తరబడి అణగి ఉన్నవాళ్ళు తమ కోరికలనే చిన్నవి చేసుకుంటారు, కనుక వాళ్ళ తృప్తిని చూసి వాళ్ళకు అన్యాయం జరగలేదని తేల్చరాదు అని అమర్త్యసేన్ గారు హెచ్చరించారు. మన నానీమా "మంచిదే" అన్న మాట అటువంటిది. అడగడం ఎరుగని మనిషి అడగకపోతే, మేము దానిని దుఃఖం లేకపోవడంగా రాసుకున్నాం.

సుఖాల్లో తరగతులున్నాయా అన్న ప్రశ్న కూడా ఉన్నది. కలిగే సుఖం సమానమైతే పిల్లలాట అయినా కవిత్వమైనా ఒకటే అన్నాడు బెంథాం. కాదు, కొన్ని సుఖాలు ఉన్నతమైనవి అని మిల్ సవరించాడు. మంచి సవరణే. కానీ ఏది ఉన్నతం అని తేల్చడానికి సుఖం కాక వేరే కొలబద్ద కావాలి. అది ఒప్పుకున్నాక, సుఖమే అన్నిటికీ కొలబద్ద అన్న మాట నిలవదు.

1974లో రాబర్ట్ నోజిక్ అనే మరొక అమెరికన్ ఒక ఊహ చెప్పారు. ఒక యంత్రం ఉన్నది. అందులో పడుకుంటే జీవితమంతా కోరుకున్న అనుభవాలన్నీ నిజమైనట్టే కలుగుతాయి. పడుకుంటారా? మన పిల్లలు చేతిలో ఫోను పట్టుకుని గంటలు గంటలు కూర్చోవడం చూస్తే కొందరు అప్పుడే పడుకున్నారేమో అనిపిస్తుంది! కానీ అడిగి చూడండి. "మీ అమ్మ నిజంగా నిన్ను ప్రేమించకపోయినా ప్రేమించినట్టు అనుభవం ఇస్తాం, చాలా?" అంటే ఏ పిల్లవాడూ చాలు అనడు. మనకు కావలసింది సంతోషం ఒక్కటే కాదు, ఆ సంతోషం నిజం కావాలి.

ఆ మాట మిల్ తన జీవితంలోనే తెలుసుకున్నాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1826లో, "నేను కోరుకున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే జరిగిపోతే నాకు సంతోషం కలుగుతుందా?" అని తనను తాను ప్రశ్నించుకున్నాడట. లేదు అని జవాబు వచ్చింది. చాలాకాలం దిగులులో పడిపోయాడు. సంతోషాన్నే గురిపెట్టి పరుగెత్తేవాడికి అది దొరకదని, వేరే మంచి పని మీద మనసు పెట్టినవాడికి దారిలో కలుస్తుందని చివరకు తెలుసుకున్నాడు. ఆయన ఆత్మకథలోని ఈ ఘట్టం చదవదగ్గది.

మూడో చిక్కు, చేతులు ఎవరివి అన్నది. పురుగుమందుల కొట్టు పెట్టుకున్నవాడికి ఒక దళారి నాసిరకం పత్తి విత్తనాలు తెచ్చి, "నువ్వు అమ్మకపోతే పక్క కొట్టువాడు అమ్ముతాడు. రైతుకు నష్టం ఎట్లాగూ తప్పదు. నువ్వు అమ్మితే నీ పిల్లలైనా చదువుకుంటారు" అంటాడు. లెక్క చూస్తే దళారి మాటే సరి. ఊళ్ళో మొత్తం దుఃఖం మారదు, ఒక ఇంట్లో సుఖం పెరుగుతుంది. అయినా నిజాయితీ ఉన్నవాడు "వాడు అమ్ముకుంటే వాడి ఖర్మ, నా చేతుల మీదుగా జరగనివ్వను" అంటాడు. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఆంగ్ల తత్త్వవేత్త 1973లో దాదాపు ఇదే వాదం చేశారు. మనిషిని ఫలితాలు పారే కాలువగా మాత్రమే చూస్తే, అతని చిత్తశుద్ధికి చోటు ఉండదన్నారు. పల్నాటి రైతుకు ఈ వాదం విడమరచి చెప్పనక్కర లేదు. నకిలీ విత్తనం నాటి, మొలక కోసం ఎదురుచూసిన ప్రతివాడికీ తెలుసు.

నాలుగోది, మా కథకు దగ్గరైనది. ఉపయోగితావాదం ఎప్పుడూ ముందుకే చూస్తుంది. ఈ రూపాయి రేపు ఎంత సుఖం ఇస్తుంది అని అడుగుతుంది. నిన్న ఎవరు మనకు ఏం చేశారు, మనం ఎవరికి మాట ఇచ్చాం అని అడగదు. మాట నిలబెట్టుకోవడం వల్ల సమాజంలో నమ్మకం పెరుగుతుంది, కనుక అదీ లెక్కలోకి వస్తుంది అని ఆ వాదులు జవాబు చెబుతారు. చెప్పవచ్చు. కానీ తల్లికి అన్నం పెట్టే కొడుకు "దీనివల్ల సమాజంలో నమ్మకం పెరుగుతుంది" అనుకుని పెడతాడా? అలా అనుకుని పెడితే ఆ ముద్ద ఆమె గొంతు దిగుతుందా? ఫలితం ఒకటే అయినా కారణం తప్పితే పనే మారిపోతుంది.

ఆ నానీమాకు మనం ఇస్తున్నది సహాయం అని పుస్తకంలో రాసుకున్నాం. ఆ శీర్షికే తప్పు. నలభై ఏళ్ళు మన ఇళ్ళల్లో చేసిన పనికి అది మనం చెల్లిస్తున్న బాకీ. సహాయాన్ని ఎటు పెడితే ఎక్కువ ఫలం అని ఆలోచించవచ్చు. బాకీని అలా మళ్ళించడానికి లేదు. కిరాణాకొట్టువాడికి ఇవ్వవలసిన డబ్బును ఇంకా బీదవాడికి దానం చేసి, "మొత్తం మీద సుఖం పెరిగింది" అంటే కొట్టువాడు ఊరుకుంటాడా?

తర్వాత ఏమి జరిగిందో చెప్పి ముగిస్తాం. రెండు నెలలకు మాలో ఒకరి ఇంట్లో ఆడవాళ్ళు ఆమెను చూసివచ్చి, రక్తపోటు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నదని చెప్పారు. కార్యవర్గం మళ్ళీ కూర్చున్నది. మొదట లెక్క వేసిన పెద్దమనిషే ముందుగా నోరు విప్పి, "లెక్క సరిగ్గానే వేశానండీ. వేయవలసిన లెక్క అది కాదు" అన్నారు. మూడు పేర్లూ తిరిగి రాశాం. బకాయితో సహా ఆమె ఇంటికి తీసుకువెళ్తే, పుచ్చుకోకముందు ఆమె అడిగిన మాట: "పిల్లల ఫీజులు కట్టేశారా?"

ఆ ప్రశ్నకు మేము తల ఎత్తి జవాబు చెప్పలేకపోయాం. మేము తలా కొంత వేసుకుని ఒక పిల్లవాడి ఫీజు పూర్తిగా కట్టాం. రెండోవాడికి సగమే ఇవ్వగలిగాం. మిగతా సగానికి ఆ తండ్రి అప్పు చేశాడు. న్యాయం చేస్తే నష్టం ఉండదని మేము చెప్పబోవడం లేదు. ఉన్నది. అది మన పుస్తకంలో ఇంకా లోటుగానే ఉన్నది. నానీమా పేరు కొట్టేస్తే మాత్రం ఆ లోటు కనిపించకుండా పోయేది. అదే తేడా.

మరి లెక్కలు మానేద్దామా? మానరాదు. లెక్కలేని సంఘం నాలుగు రోజులు నిలవదు. మేము అనేది వరుస గురించి. ముందు బాకీలు, ఇచ్చిన మాటలు తీర్చాలి. తర్వాత, ఎవరినీ ఓడలోంచి తోయకుండా, మిగిలినదానితో ఎక్కువమందికి ఎక్కువ మేలు ఎట్లా అని బెంథాంగారి లెక్క వేసుకోవాలి. ఆ చోట ఆయన మంచి గుమాస్తా. యజమాని కుర్చీలో మాత్రం కూర్చోబెట్టరాదు.

దీనికి తగ్గట్టు కార్యవర్గం ముందు మూడు మనవులు. పుస్తకంలో "సహాయం" పక్కన "బాకీ" అని వేరే శీర్షిక తెరవాలి. ఎవరి పేరు కొట్టేయాలన్నా, ఆ మనిషి ఇంటికి వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పి వచ్చిన తర్వాతే కొట్టేయాలి. కాగితం మీద తేలికగా పోయే పేరు గుమ్మంలో అంత తేలికగా పోదు. మూడోది, ఆ సగం ఫీజు. భోజనాలకు వెళ్ళే దారిలో ఒక డబ్బా పెట్టించాం. అది నిండితే ఆ తండ్రి అప్పు తీరుతుంది.